పగటి తనిఖీ

పదింటి పడవలో అధికారులు దిగేలోగా జొమ్‌రే చేయవలసిన పనులు: మెట్ల మీది కొంగల రెట్ట గీకడం, ఇత్తడి కమ్మీలు తోమడం, దీపం చుట్టూ ఉన్న అద్దాలు తుడవడం, కొత్త చరిత్ర ఫలకానికి కప్పిన తెల్లగుడ్డ గాలికి లేచిపోకుండా తాడు కట్టడం. డెబ్బై ఎనిమిదేళ్ళ ముసలిది రోజుకూలీకి వచ్చింది. మోకాళ్ళు అరవై రెండు మెట్లనీ పేరుపేరునా తిట్టుకున్నాయి.

అఖాతం నడుమ బండ మీద జపాను వాళ్ళు కట్టిన దీపస్తంభం అది. అఖాతం మీద వంతెన కట్టాక పడవలు తగ్గి, దీపం ఆర్పేశారు. కాపలాదారు డొక్‌పల్ ఆమె మొగుడే, పోయి పదేళ్ళయింది. ఆయనకు రేచీకటి. పొద్దు గూకితే కంచంలో చేపముల్లు కూడా కనిపించేది కాదు. తనిఖీకి వచ్చేవాళ్ళు పగలే వచ్చి పగలే పోయేవారు గనుక ఆయన ఉద్యోగం చేసిన పందొమ్మిదేళ్ళూ ఎవరికీ తెలియలేదు. కిరసనాయిలు మోసిందీ, దీపం తిరగడానికి మూడు గంటలకోసారి లేచి కీ తిప్పిందీ, తెల్లారి పుస్తకంలో ఆయన పేరుతో రాసిందీ జొమ్‌రే.

జిల్లా ఆఫీసు గుమాస్తా తక్ ముందుగానే వచ్చి గుడ్డ ఎత్తి చూపించాడు. “ఇది వినండి మామ్మా. ‘ఒక్క రాత్రీ దీపం ఆరనివ్వని డొక్‌పల్.’ తాతగారు ఘటికుడే.”

“ఆ ఘటికుడు చీకటి పడితే నా చెయ్యి పట్టుకోనిదే దొడ్డికి పోలేడు. మెట్లెక్కింది నేను.”

తక్ నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి ఆపేశాడు.

“కింద కాస్త ఖాళీ ఉందిగా నాయనా. చిన్నక్షరాల్లో నా పేరు రాయించు.”

“రాయిస్తాను. అయితే పై వాక్యం అబద్ధమవుతుంది. ఆయనకిచ్చిన పతకం వెనక్కి అడుగుతారు. దొంగ ఉద్యోగం చేశాడంటారు. సరేనా మరి?”

జొమ్‌రే చేతిలోని తడిగుడ్డను నీళ్ళు కారినంతసేపూ పిండింది.

“వద్దులే. కప్పెయ్.”

ఫలకం తెరిచారు, చప్పట్లు కొట్టారు. పెద్ద అధికారి ఆమె చేతిలో కింబాప్ అన్నం చుట్టల పొట్లం పెట్టి, “అంతటి మనిషితో కాపురం చేశారు, అదృష్టవంతులు” అన్నాడు.

“ఉప్పు తక్కువైంది” అంది జొమ్‌రే నములుతూ.

ఆ చలికాలమే నిద్రలో పోయింది. సమాధి రాతి మీద ఆచారం ప్రకారం ఆమె పుట్టింటి వంశం చెక్కారు, పేరు చెక్కలేదు. తలగడ పక్కన అలారం గడియారం ఒకటి మిగిలింది. దాని మోగే ముల్లు ఇంకా దీపానికి కీ తిప్పే వేళ, రాత్రి రెండింటి మీదే ఉంది.

మీరెప్పుడైనా ఆ బండ దగ్గర పడవ దిగితే ఫలకం చదవండి. చదివాక, జొమ్‌రే అనే మనిషిని ఒక్కసారి తలుచుకోండి.