కిటికీలో నాలుగు రోజులు

తార్నాక చౌరస్తాలో ఇడ్లీ బండి దగ్గర కరుణ ప్లేటు పట్టుకుని నిలబడింది కానీ తినలేదు. చట్నీ వెయ్యాలా అని బండామె రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగకుండానే వేసేసింది. మధ్యాహ్నం మూడింటికి యూనివర్సిటీలో ఇన్నయ్య ఒక కాగితం మీద సంతకం పెట్టబోతున్నాడు. ఆయన పెన్ను పట్టుకునేలోపు కరుణ నోరు విప్పాలి. విప్పితే తనకేమవుతుందో ఆమెకు తెలుసు. విప్పకపోతే ఆయనకేమవుతుందో కూడా తెలుసు. అందుకే పొద్దున లేచినప్పటి నుంచి గదిలో కాలుగాలిన పిల్లిలా తిరిగింది. గదిలో ఉండే మౌనిక విసుక్కుని, నడిచేదేదో రోడ్డు మీద నడవమని, కింది వాటా ఆమె ఇప్పటికే రెండుసార్లు పైకప్పు తట్టిందని చెప్పి ఆఫీసుకు పోయింది.

జరిగిందంతా ఒక రాయి మూలంగా. వజ్రమూ కాదు, వైడూర్యమూ కాదు, గోటితో గీస్తే గీత పడేంత మెత్తటి రాయి. కరుణ పీహెచ్‌డీ చేస్తున్న భూగర్భశాస్త్ర శాఖలో పాత మ్యూజియం ఒకటి ఉంది. అందులో రెండు వేల పైచిలుకు రాళ్లు, వాటికి ఒక పెద్ద రిజిస్టరు, ఆ రెంటికీ కలిపి అటెండరు ఇన్నయ్య. చివరి బీరువా అడుగు అరలో ఒక బిస్కెట్ల డబ్బా. డబ్బాలో నల్లగుడ్డ, గుడ్డలో బంకమట్టి ముద్ద, ముద్దలో సగం కూరుకుపోయిన బర్రె ఎముక. ఆ ఎముక మీద గాజు పలుకుల్లాంటి స్ఫటికాలు. దాని పేరు వివియనైట్.

అది దొరికింది ముప్పై తొమ్మిదేళ్ల కింద, గోల్నాకలో, మూసీ పక్కన ఏదో బిల్డింగు పునాదికి గుంత తీస్తుంటే. తవ్వింది పాలమూరు నుంచి మట్టిపనికి వచ్చినవాళ్లు. అందులో ఇరవై రెండేళ్ల ఇన్నయ్య ఉన్నాడు. ఇరవై అడుగుల లోతున నల్లటి బురదలో ఎముక తగిలితే మిగతావాళ్లు ఛీ అని గట్టు మీదికి విసరబోయారు. ఇతను మాత్రం మెరుస్తోందని తువ్వాల్లో చుట్టి దాచాడు. గుంతలో మట్టి పొరలు చూడటానికి రోజూ సైకిలు మీద వచ్చే ప్రొఫెసరొకాయన ఉండేవాడు. ఆయనకు చూపిస్తే ఆయన చూసీ చూడకముందే తువ్వాలు మళ్లీ కప్పేశాడట. బురద ఇనుమునిస్తుంది, ఎముక ఫాస్ఫేటునిస్తుంది, గాలి సోకని నీళ్లలో ఏళ్ల తరబడి ఆ రెండూ కలిస్తే ఈ రాయవుతుంది, పుట్టినప్పుడు దీనికి రంగుండదు, వెలుతురు తగిలితే నీలమవుతుంది, ఇంకా తగిలితే నల్లబడుతుంది, మళ్లీ వెనక్కి రాదు అని చెప్పాడట. రాయినీ, రాయి దాచినవాణ్నీ కూడా ఆయన యూనివర్సిటీకి తెచ్చుకున్నాడు. రిజిస్టరులో మాత్రం సేకరించినవారు అన్న గడిలో ప్రొఫెసరు పేరొక్కటే ఉంది. రంగు గడిలో 'లేదు, పారదర్శకం' అని ఉంది. వెలుతురు పడదన్న సంగతి ఎక్కడా రాయలేదు. ఇన్నయ్య ఉన్నాడు కదా, ఇక రాయడమెందుకు అనుకున్నాడేమో, ఇన్నయ్య పెద్దసారని పిలిచే ఆ ప్రొఫెసరు.

నవంబరులో ఇన్నయ్య అక్క బుచ్చవ్వకు కంటి ఆపరేషనయితే ఆయన నాలుగు రోజులు ఊరికి పోయాడు. పోతూ పోతూ మ్యూజియం తాళంచెవి కరుణ చేతిలో పెట్టాడు. అడుగు అరలోని డబ్బా మాత్రం తెరవొద్దని, పెద్దసారు మాట అని చెప్పాడు. తెరవొద్దన్నది తెరవనివాళ్లు ఈ లోకంలో ఎవరున్నారు కనుక! కరుణ తెరిచింది. తెరిచి నవ్వుకుంది కూడా. ఆమె చూసిన ప్రతి పుస్తకంలోనూ, ప్రతి ఫోటోలోనూ వివియనైట్ నీలంగానే ఉంటుంది. ఇది చూస్తే మంచినీళ్ల రంగులో ఉంది. పాతకాలపు సారు రాయి పేరు తప్పు రాశాడు, తప్పు పట్టుకున్నది నేను అని సంబరపడిపోయి, పరీక్షించి ఒక చిన్న పేపరు రాసేద్దామని తన టేబులు దగ్గర కిటికీలో పెట్టుకుంది. ఆలోగా థీసిస్ చివరి అధ్యాయం మీద పడి దాన్ని మరిచిపోయింది. నాలుగో రోజు తలెత్తి చూస్తే కిటికీలో రాయి సిరా పోసినట్టు ఉంది. వెలుతురుకు రంగు మారుతుందన్న వాక్యం ఆమె పాఠ్యపుస్తకంలోనూ ఉంది, ఎమ్మెస్సీలో దాని కింద ఎర్రగీత కూడా గీసుకుంది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు చూడండి, అది ఇదే. రాయిని గుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టి, తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది.

డిసెంబరు చివర్న ఇన్నయ్య రిటైరవుతున్నాడు. పోయేవాళ్ల దగ్గర సామానంతా సరిచూసుకోవాలి కాబట్టి హెడ్ భానుప్రకాశ్ రిజిస్టరు ముందేసుకుని ఒక్కొక్క రాయీ చూశాడు. ఆయన చదువు ఉపగ్రహ చిత్రాల చదువు, రాళ్లతో పరిచయం తక్కువ. రిజిస్టరులో రంగు లేదు అని ఉంది, డబ్బాలో నల్లటి నీలం ఉంది. ఎవరో రాయి మార్చేశారన్నాడు. ఆఫీసులో ఒకరు గాజులా మెరిసేదంటే వజ్రమేనేమో అన్నారు, సాయంత్రానికి అది వజ్రమే అయింది, ఇన్నయ్య దొంగయ్యాడు. అప్పుడు కరుణ సగం నిజం చెప్పింది. కొన్ని రాళ్లు వెలుతురుకు రంగు మారుతాయి సార్ అంది. తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంటే వెలుతురెలా తగిలిందని భానుప్రకాశ్ అడిగాడు. నా దగ్గరే ఉంటది సార్, ఇంకెవరికియ్య అన్నాడు ఇన్నయ్య. కరుణ పక్కనే నిలబడి విన్నది. ఇన్నయ్య పోయాక మ్యూజియం బాధ్యత, తాత్కాలికంగానైనా, ఆమెకే ఇస్తానని హెడ్ అప్పటికే మాటిచ్చి ఉన్నాడు. అది పోతుందనే ఆమె మిగతా సగం చెప్పలేదు. చివరికి, నా అజాగ్రత్త వల్ల నమూనా పాడయింది అని ఇన్నయ్య రాసిస్తే సరిపోతుందని తేల్చారు. ముప్పై తొమ్మిదేళ్ల ఉద్యోగానికి చివరికి ఆ మచ్చే మిగులుతుంది; అదిగో ఆ కాగితం మీదే ఈ రోజు మూడింటికి సంతకం.

చల్లారిన ఇడ్లీ ప్లేటు బండి మీద పెట్టేసి కరుణ క్యాంపస్ వైపు నడిచింది. ఆటోవాళ్లు పిలిచినా ఎక్కలేదు. కూర్చుంటే ఆలోచన ఎక్కువవుతుందని భయం. ఒకచోట ఆగి, సోమవారం చెబితే ఏమని తనను తానే అడుక్కుని, తన మీద తనకే రోత పుట్టి మళ్లీ నడిచింది.

ఇన్నయ్య మ్యూజియం మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. డబ్బా పక్కనే ఉంది. ఆ కాగితం ఒళ్లో పెట్టుకుని, కూడబలుక్కుంటూ చదువుతున్నాడు. కరుణ కింది మెట్టు మీద కూలబడింది. దీని మీద సంతకం చేయొద్దు కాకా అంది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"తప్పు నాదే గదమ్మా. ఏడాదికొక్కసారి తెరుస్త దాన్ని. దసరా ముందర సామాన్లకు పూజ చేస్తం సూడు, గప్పుడు. ఊకె గట్ల సూసి మూస్త. పెద్దసారు ఒద్దన్నడు, గని మనసాగదు. ముప్పై తొమ్మిదిసార్లు సూసిన. గదంత కలిస్తె గిట్లయింది. రంగు మారుతదని మీరే చెప్పిండ్రు గద మొన్న."

కరుణకు ఏడుపొచ్చింది. దొంగ అన్నందుకు ఈయన బాధపడుతున్నాడని ఇన్నాళ్లూ అనుకుంది. ఈయన బాధపడేది తన చూపు తగిలి రాయి చచ్చిపోయిందని. ఆ బాధ పెట్టింది కూడా తన సగం నిజమే.

"మీరు చూసినందుకు కాలేదు కాకా. నేను కిటికీలో పెట్టినా. మీరు ఊరికి పోయినప్పుడు, నాలుగు దినాలు."

ఇన్నయ్య కాగితం పక్కన పెట్టాడు. ముందు ఆయన ముఖం తేటపడింది.

"అయితే నేను సూసినందుకు కాదన్నట్టు."

"కాదు కాకా."

తర్వాత ఆ ముఖమే గట్టిపడింది. మీకు తాళంచెవి ఇచ్చిన సంగతి నాకు యాదికి ఉన్నది, అయినా మీ మీద నాకు అనుమానమే రాలేదు, అందుకే సారు ముందర మీ పేరు తియ్యలేదు, చదువుకున్నోళ్లకు నాకన్న ఎక్కువ ఎరుక ఉంటదనుకున్న అన్నాడు. ఒక్క గట్టి మాట అనలేదు. అని ఉంటే కరుణకు కొంత తేలికయ్యేది.

మూడింటికి హెడ్ గదిలో కరుణ అంతా చెప్పింది, ఈసారి సగం కాదు. తాళంచెవి తీసుకోవడం, డబ్బా తెరవడం, కిటికీ, నాలుగు రోజులు, ఆ తర్వాత నోరు మూసుకోవడం. గోల్నాక గుంతలో ఎముకను దాచింది ఎవరో కూడా చెప్పింది. భానుప్రకాశ్ నమ్మీ నమ్మనట్టు చూశాడు. వెలుతురుకు ఇంత మార్పా, రుజువేమిటని అడిగాడు. కరుణ టేబులు మీద కాగితం పరిచి, ముద్దను తిరగేసి, సూదితో ఎముక అడుగున ఉన్న బంకమట్టిని కొద్దికొద్దిగా తీసింది. మట్టి పెళ్ల ఒకటి ఊడింది. దాని కింద చిటికెన వేలి గోరంత మేర స్ఫటికాలు, వెలుతురు ఎన్నడూ ఎరగనివి, అప్పుడే గుంతలోంచి తీసినట్టు గాజులా మెరిశాయి. ఇన్నయ్య అప్రయత్నంగా టేబులు మీదికి వంగాడు. గట్లనే ఉండె ఆ రోజు, అన్నాడు మెల్లగా.

భానుప్రకాశ్‌కు ఉత్సాహమొచ్చింది. కిటికీ పరదా పక్కకు జరిపి, అరగంట ఇలాగే ఉంచి రంగు మారేది ఫోనులో వీడియో తీద్దామన్నాడు. ఇన్నయ్య నల్లగుడ్డ తీసి రాయి మీద కప్పేశాడు. ముప్పై తొమ్మిదేళ్లలో ఆయన ఒక హెడ్ మాటకు అడ్డం రావడం అదే మొదలు.

"సూసిండ్రు గద సార్. ఇగ సాలు."

హెడ్ పరదా మళ్లీ లాగేశాడు. కాగితం చింపేశాడు. కరుణ వైపు తిరిగి, మ్యూజియం బాధ్యత ఇక నీకివ్వలేను, నీకూ తెలుసు కదా అన్నాడు. తెలుసు సార్ అంది. ఇన్నయ్య రిజిస్టరు తెరిచి ఆమె ముందుకు తోశాడు. ఎట్లయిందో రాయుండ్రమ్మా, రాయకపోతె రేపు ఇంకొకరు గిట్లనే తెరుస్తరు అన్నాడు.

కరుణ రాసింది. నీలం, వెలుతురు వల్ల. కిటికీలో నాలుగు రోజులు ఉంచినది కరుణ. ఎముక అడుగున కొంత భాగం ఇంకా రంగు లేకుండా ఉంది, తెరవరాదు. కింద సంతకం చేసింది. తర్వాత పెన్ను కింద పెట్టకుండా సేకరించినవారు అన్న గడికి పోయి, ప్రొఫెసరు పేరు పక్కన మిగిలిన కాస్త చోటులో ఇన్నయ్య పేరు ఇరికించి రాసింది. సారు పేరు కొట్టెయ్యకండ్రి అని ఇన్నయ్య కంగారుపడ్డాడు. కొట్టెయ్యలేదు కాకా, పక్కన రాసినా అంది. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చదువుకున్నాడు. రెండోసారి కూడా చదువుకున్నాడు.

తర్వాత డబ్బా తీసుకుని ఆయనే మ్యూజియంలోకి వెళ్లాడు, వెనకాలే కరుణ, హెడ్. అడుగు అరలో పెట్టి, బీరువాకు తాళమేసి, రెండుసార్లు లాగి చూశాడు. తాళంచెవి తీసి ఇటు తిరిగాడు. అలవాటు కొద్దీ కరుణ చెయ్యి సగం దాకా చాచింది. ఇన్నయ్య ఆ చేతిని చూశాడు, చూసి, తాళంచెవిని భానుప్రకాశ్ చేతిలో పెట్టాడు. కరుణ చెయ్యి వెనక్కి తీసుకుని పెన్నుకు మూత పెట్టింది.