మెర్వ్ ట్రెంబాత్ ఖాళీ గూడు

దక్షిణ ఆస్ట్రేలియాలోని వాలరూ ఊళ్లో మెర్వ్ ట్రెంబాత్ పేరు చెబితే జనానికి ముందు గుర్తొచ్చేది అతని దగ్గరున్న నాణేలు కావు, లేని నాణెం. రేవు పక్క గోధుమ గోదాముల్లో లారీలు తూచి తూచి రిటైరైన మనిషి. పాతకాలపు ఆస్ట్రేలియా పెన్నీ నాణేలన్నిటినీ ఏడాది వారీగా అట్ట ఆల్బంలో గుండ్రటి గూళ్లకు బిగించి పెట్టుకున్నాడు. ఒక్క 1930 గూడు మాత్రం ఖాళీ. ఆ ఏడు టంకశాల వాళ్లు పెన్నీలు కొట్టీ కొట్టనట్టు కొట్టారు. అందుకే దానికంత గిరాకీ.

నిజానికి ఆ ఖాళీయే అతని ఆస్తి. నెలకోసారి చర్చి వెనక హాల్లో నాణేల క్లబ్బు కూడుతుంది. టీ కెటిల్ కూత పెట్టేసరికి కుర్చీలన్నీ మెర్వ్ వైపు జరిగేవి. 1930 పెన్నీ కోసం మెల్‌బోర్న్ వేలానికి అతను తన పాట ధర రాసి పోస్టులో పంపడం, అది వెంట్రుకవాసిలో తప్పిపోవడం, ఏటా అదే కథ. ఒకసారి ఎవరో పళ్ల డాక్టరు తన్నుకుపోయాడు. ఇంకోసారి ముందు వరసలో కూర్చున్న టోపీ ఆవిడ ఆఖరి క్షణంలో చెయ్యెత్తింది. మెర్వ్ ఏనాడూ ఆ వేలం హాలు గడప తొక్కలేదు. టోపీ రంగు మాత్రం చెప్పేవాడు.

తప్పిపోవడంలో అతని పనితనం ఎంతుందో భార్య ఐల్సాకి ఒక్కదానికే తెలుసు. వేలం కేటలాగు రాగానే మెర్వ్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని, పోయినేడాది అలాంటి పెన్నీ ఎంతకు పోయిందో చూసి, అందులోంచి చిటికెడు తగ్గించి కాగితం మీద వేసేవాడు. నవ్వులపాలయ్యేంత తక్కువా కాదు, గెలిచేంత ఎక్కువా కాదు. ధరలు ఏటా ఎగబాకుతూనే ఉండేవి కనక ఓటమికి ఢోకా లేదు.

మాంసం కూరిన పాస్టీల పిండి అంచులు మడుస్తూ ఐల్సా అనేది: "పెళ్లికి ముందు నాకూ ఇట్లాగే రాశావు మెర్వ్. ఒప్పుకుంటానేమోనని భయపడుతూ."

ఒక ఏడు నాణేల బజారు కుప్పకూలింది. గోధుమ ధర పడిపోవడం బతుకంతా చూసిన మనిషికి పెన్నీ ధర కూడా పడుతుందన్న ఊహే తట్టలేదు. ఎప్పటిలాగే పోయినేడాది ధరలోంచి చిటికెడు తీసి కవరు అంటించాడు. మిగతా పాటగాళ్లందరూ జేబులు బిగించుకున్నారు. మెల్‌బోర్న్ హాల్లో ఒక్క చెయ్యి కూడా అతని పాట దాకా లేవలేదు. పైగా అక్కడి పద్ధతి ప్రకారం పోస్టులో పాడి గెలిచినవాడు తన తర్వాతి పెద్ద పాట కన్నా ఒక్క మెట్టు పైన కడితే చాలు. అంటే పాపం, చవగ్గా కూడా గెలిచాడు.

రిజిస్టరు పోస్టులో పొట్లం వచ్చింది. మెర్వ్ పెన్నీని గూట్లో పెట్టి బొటనవేలితో నొక్కాడు. టక్కుమని కూర్చుంది. పేజీ తిప్పాడు, మళ్లీ వెనక్కి తిప్పాడు. ఇక చెయ్యడానికేమీ మిగల్లేదు.

క్లబ్బులో చప్పట్లు కొట్టారు. భూతద్దం చేతులు మారింది. అధ్యక్షుడు రాడా భుజం తట్టాడు. కెటిల్ కూత పెట్టేలోపే అంతా అయిపోయింది.

మరుసటి నెల కుర్చీలు మందుల షాపు పోల్‌గ్రీన్ వైపు జరిగాయి. అదే పెన్నీకి తానూ పాట పంపాడట. వెంట్రుకవాసిలో తప్పిపోయిందట. "నాదే అయ్యేదిరా. ఈ ట్రెంబాత్ గాడు చీకట్లోంచి వచ్చి లాక్కుపోయాడు," అంటుంటే అందరూ అయ్యో అన్నారు. ఆ పాటకు ముందు రాత్రి నిద్ర పట్టకపోవడం దగ్గర్నుంచీ పోల్‌గ్రీన్ బాగానే చెబుతున్నాడు. లామింగ్టన్ కేకు ముక్క చేత్తో పట్టుకుని మెర్వ్ గోడ పక్కన నిలబడ్డాడు. టోపీ ఆవిడ బతుకెలా ఉంటుందో అతనికి మొదటిసారి అర్థమైంది.

ఆ పై నెల, టీ పోస్తుండగా, ఎవరికీ చెప్పనట్టు అన్నాడు: "ఏమోరా, నా పెన్నీ మీది తేదీలో సున్నా నాకెందుకో నచ్చడం లేదు."

పోల్‌గ్రీన్ మాట మధ్యలో ఆగిపోయింది.

"దొంగదంటావా?" అన్నాడు రాడా.

"నేనట్లా అన్నానా? కాస్త బొద్దుగా ఉందన్నాను."

ఒక కుర్చీ కిర్రుమంది. ఆ వెంటే ఇంకోటి. వేరే ఏడాది పెన్నీ మీద అంకె చెక్కి అమ్మే ఘరానా మోసగాళ్ల గురించి మెర్వ్ నెమ్మదిగా ఎత్తుకున్నాడు. హాలు ఖాళీ అయ్యేసరికి చాలా పొద్దుపోయింది. వేలం వాళ్లకే తిప్పి పంపితే పరీక్ష చేయించి తేల్చి చెబుతారని రాడా సలహా ఇచ్చాడు. పంపుతాలే అన్నాడు మెర్వ్.

నెలలు గడిచాయి. సున్నా ఇంకా బొద్దెక్కింది. ఒక పొద్దున ఐల్సా కోటు తొడుక్కుని అతని ముందు నిలబడింది.

"పోస్టాఫీసు వైపే వెళ్తున్నా. ఇటివ్వు, పంపించేస్తా."

"మంచిదని తేలితే?"

"తేలితే నిశ్చింత."

"అదే కదా," అన్నాడు మెర్వ్.

ఆల్బం తెరిచి, వెనకనుంచి వేలితో పొడిచి పెన్నీని బయటికి తీశాడు. అనుమానం ఉన్నదాన్ని మంచివాటి పక్కన ఉంచకూడదన్నాడు. గూడు మళ్లీ ఖాళీ అయింది. దాన్ని చూస్తుంటే అతని మొహంలోకి రంగు తిరిగొచ్చింది.

ఐల్సా కోటు విప్పి కొక్కేనికి తగిలించి, తన గుండీల డబ్బా తెచ్చి, మూత తీసి, పెన్నీ ఇందులో వేయమన్నట్టు పట్టుకుంది.