లవంగాలు లేని క్యారేజీ

క్యారేజీ పైగిన్నెలో రెండు లవంగాలు పెట్టడం నాకు పదేళ్ల అలవాటు. కూర కోసం కాదు, మా ఆయన నోటి వాసన జెట్టీలో ఎవరికీ తెలియకుండా. ఈ పొద్దున కూడా లవంగాల డబ్బా చేతిలోకి తీసుకున్నాను గాని మూత తీయలేదు.

మా ఆయన కన్నారావు మంచి చేపల వేటగాడు, తాగనప్పుడు. ఈ చివరి ముక్క ఒప్పుకోవడానికే నాకు ఇన్నాళ్లు పట్టింది. వండి, వాంతులు కడిగి, గంప ఎత్తుకుని ఈ దీవిలోని అబర్డీన్ బజార్లో చేపలమ్మి, ఆ మధ్యలోనే ఆయన కోసం అబద్ధాలు కూడా ఆడేదాన్ని. జ్వరమన్నాను, నడుం పట్టిందన్నాను. "మొగుడి గుట్టు పెళ్ళాం నోట్లోనే ఉండాలే," అనేది మా అత్త గవరమ్మ. గుట్టు ఆయనది, మోత నాది.

పోయిన నెల డింగీ పడవ పంకాకి వల చుట్టుకుంది. తోటివాడు అప్పలరాముడు వంగి విడదీస్తుంటే, మా ఆయన మత్తులో ఇంజన్ తాడు లాగేశాడు. అప్పలరాముడికి రెండు వేళ్లు పోయాయి. ఆసుపత్రి వరండాలో అతని భార్య భాను నా చెయ్యి పట్టుకుంది.

"సచ్ సచ్ చెప్పు దీదీ, అన్న తాగున్నాడా?"

"గంగమ్మ తోడు, చుక్క ముట్టలేదు," అన్నాను.

ఆ లవంగాలే లేకపోతే అప్పలరాముడు ఆ రోజు డింగీ ఎక్కేవాడే కాదు. నాకు నా మీదే అసహ్యం వేసింది.

ఆయన తాగని పూట చూసి చెప్పాను. "తాగినా అన్నం పెడతాను. వాంతులు కడగను, అబద్ధమాడను, డింగీ ఎక్కుతుంటే ఊరుకోను. డాక్టరు దగ్గరికెళ్దామంటే మాత్రం నీ పక్కనే వస్తాను."

"ఇదేటే, సర్కారీ ఆఫీసా రూల్స్ పెట్టడానికి? బస్ కర్, చాల్లే," అని నవ్వాడు.

ఈ పొద్దున తాగే బయలుదేరాడు. గంప, క్యారేజీ పట్టుకుని వెనకే వెళ్లాను. కట్టు విప్పాక అప్పలరాముడు మళ్లీ వేటకెళ్లడం ఇదే మొదలు. మాలో వేటకెళ్లే మగాణ్ని వెనక నుంచి పిలవకూడదు. పిలిస్తే మనిషి తిరిగిరాడంటారు. ఆయన కత్తి మరచిపోయినా నేను చుట్టుదారిలో పరుగెత్తి, ఎదురెళ్లి ఇచ్చేదాన్ని. ఇవాళ ఎదురెళ్దామంటే ఆయన ముందు సముద్రమే ఉంది. ఒక కాలు అప్పటికే డింగీలో వేశాడు.

"కన్నారావూ!"

జెట్టీ అంతా తిరిగి చూసింది.

"అప్పలరాముడన్నా, ఈయనతో ఎక్కకు. తాగున్నాడు. ఆ రోజూ తాగే ఉన్నాడు. భానుకి నేనే అబద్ధం చెప్పాను."

అప్పలరాముడు తన చేతికేసి చూసుకున్నాడు. విప్పిన తాడు మళ్లీ జెట్టీకి కట్టేశాడు.

ఎండుచేపల దగ్గర్నుంచి అత్త లేచొచ్చింది. "ఏటకెల్తన్నోడ్ని ఎనకనుంచి పిలుస్తావేటే? ఆడు తిరిగొస్తాడా ఇంక?"

"పిలవకుండా పంపిన రోజు అప్పలరాముడన్న వేళ్లు తిరిగొచ్చాయా అత్తా?"

క్యారేజీ జెట్టీ మెట్టు మీద పెట్టాను. ఆకలేస్తే తింటాడు. భానుకి నా నోటితో నేనే చెప్పాలని వాళ్లింటి వైపు నడిచాను. డాక్టరు దగ్గరికెళ్దామని ఆయన పిలిస్తే ఆగేదాన్నే. "ఇజ్జత్ తీసేశావు కదే," అని అరుస్తున్నాడు, వెనక నుంచి. నేను తిరిగి చూడలేదు.