మా ఆయన పుట్టించిన కినూ

మా ఆయన తెయిజో చారిత్రక నవలలు రాస్తాడు. నాలుగొందల ఏళ్ళ కిందట పోయినవాళ్ళు ఏం తిన్నారో, ఏ చెప్పులు తొడుక్కున్నారో గడగడా చెప్తాడు గానీ, పొద్దున తనేం తిన్నాడంటే నా మొహం చూస్తాడు. ఆయన రాసే ఆ గీతల్ని చదవగలిగేది లోకంలో నేనొక్కదాన్నే. అందుకని రోజూ మధ్యాహ్నం కూర్చుని శుభ్రంగా తిరగరాసే చాకిరీ నాది. సాయంత్రం ఆరింటికల్లా పత్రికాఫీసుకు చేరితే మర్నాడు అచ్చవుతుంది.

ఈసారి కథ హమాసె కోటది. తొంభై రోజులు ముట్టడించినా లొంగని కోట, లోపలినుంచి ఎవరో సముద్రం వైపు తలుపు తీయడంతో ఒక్క రాత్రిలో పడిపోయింది. తీసిందెవరో ఏ పాత కాగితంలోనూ లేదు.

"కోట వంటింట్లో ఒక ఆడమనిషి కావాలి, ఏదైనా పేరు చెప్పు" అన్నాడు ఓ వానరోజున. నా నోట్లోంచి "కినూ" అని వచ్చేసింది. అది మా అక్క పేరు. యుద్ధం ఆఖరి ఏడు టోక్యో మీద బాంబులు కురిసిన రాత్రి మంటల్లో పోయింది. ఎముక ముక్క కూడా దొరకలేదు, పేరు చెక్కించడానికి సమాధీ లేదు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఆయన దగ్గర "అక్క" అన్నానే తప్ప పేరెత్తింది లేదు. ఆ రోజూ చెప్పలేదు. మంచి వంటమనిషి పాత్రే కదా, ఉండనీలే అనుకున్నాను.

తీరా చూస్తే ఆ తలుపు తీసేది కినూయేనట! శత్రువు ఇచ్చే బంగారం సంచి కోసమట! అదీ నా చేత్తోనే అందంగా రాసి పంపాలట! నిన్నటి భాగం, గూఢచారి బావి దగ్గర ఆవిడకి సంచి చూపించే చోట ఆగింది.

"మీకు ఇంకెవరూ దొరకలేదా?" అన్నాను ఒళ్ళు మండి.

"ఎవరో ఒకరు తీయాలి కదే. అయినా లేని మనిషి కోసం నీకెందుకంత ఉక్రోషం?"

లేని మనిషట!

సరిగ్గా అప్పుడే హమాసె నుంచి కుజిమె గారని ఒక రిటైరైన బడిపంతులు ముల్లంగి ఊరగాయ జాడీ పట్టుకుని వచ్చాడు. వస్తూనే నుదురు చాపకి ఆనించి వంగాడు.

"మాస్టారూ, తమరి కాళ్ళు పట్టుకుంటాను. మా కినూగారి పరువు తీయకండి."

"మీ కినూగారేమిటండీ?" అన్నాడు మా ఆయన.

"మా ఊళ్ళో ఆవిడ సమాధి ఉంది. మా అమ్మ డెబ్బై ఏళ్ళుగా రోజూ దానిమీద నీళ్ళు పోస్తోంది."

మా ఆయన నా వైపు చూశాడు, నేను ఆయన వైపు చూశాను. "నేనే కదే పుట్టించింది?" అని గొణిగాడు. ఆ రోజు భాగం పత్రికకి పంపకుండా ఆపేసి, ఆ రాత్రి నోటు పుస్తకాలన్నీ తిరగేశాడు. ఎక్కడా లేదు. "ఎక్కడో చదివి మరిచిపోయానంటావా?" అని, పేరు చెప్పింది నేనేనన్న సంగతి కూడా మరిచి, పదిసార్లు అడిగాడు. నాకేం తెలుసు? అది మా అక్క పేరు. అక్క పేరుతో ఆ ఊళ్ళో సమాధేమిటి?

మర్నాడు మొదటి రైలుకే వెళ్ళాం. చేపలు ఎండబెట్టే చోటు వెనకాల, నా మోకాలెత్తు రాయి. దానిమీద నిజంగానే "కినూ" అని ఉంది. అక్షరాల మీద వేలు పెడితే అంచులు పదునుగా తగిలాయి. రాయికి పట్టిన నాచు పాతదే, అక్షరాలు మాత్రం కొత్తవి.

"ఇది నిన్నో మొన్నో చెక్కించిందే!" అన్నాను కోపంగా. కుజిమె తలొంచుకున్నాడు.

"అవునే తల్లీ, కిందటి నెలే" అంటూ ఆయన తల్లి తొమె అవ్వ బకెట్టుతో వచ్చింది. "వంటావిడ రాయి అనేవాళ్ళం. మా అత్తకీ పేరు తెలీదు, వాళ్ళత్తకీ తెలీదు. పేపర్లో చూసి, అమ్మయ్య, ఇన్నాళ్ళకి తెలిసింది అనుకున్నాం."

"అవ్వా, అది ఊరికే అనుకుని పెట్టిన పేరు" అన్నాడు మా ఆయన.

"పెట్టావుగా, చాల్లే. పిలుచుకోడానికి ఒకటుండాలిగా."

"ఆవిడ తలుపు తీయలేదని రాయండి మాస్టారూ" అన్నాడు కుజిమె.

"నోర్ముయ్యరా, అబద్ధాలూ నువ్వూ!" అంది అవ్వ. "తీసింది. తియ్యక? పిల్లలు ఆకలికి గోడమట్టి నాకుతుంటే చూస్తూ కూచుంటుందా? పిల్లల్ని పడవల్లో పోనిస్తామని మాట తీసుకుని తీసింది. తను మాత్రం వెనక్కెళ్ళింది, పోయింది. ఈ ఊరంతా ఆ పిల్లల సంతానమే. ద్రోహి అంటారని మా ఆడవాళ్ళం బయటికి చెప్పలేదు, వీడిక్కూడా. కానీ బంగారం కోసమంటే ఊరుకోను నాయనా."

మా ఆయన అక్కడే మట్టిలో కూలబడ్డాడు. "ఎవరూ చెప్పకుండా నాకెలా తట్టింది అవ్వా?"

"నాకేం తెలుసు? రాసేవాడివి నువ్వు."

ఆరింటికి పది నిమిషాలుందనగా పోస్టాఫీసు ఫోను దొరికింది. మా ఆయన అరిచి చెబుతుంటే అవతల పత్రికాఫీసు మనిషి రాసుకుంటున్నాడు. అవ్వ బెంచీ మీద కూర్చుని ప్రతి మాటా వింటోంది. కొత్త భాగంలో కినూ ఆ సంచిని బావిలో పారేసి, పిల్లల్ని పోనిస్తావా అని గూఢచారిని అడిగింది. తలుపు తీసింది. అక్కడ ఆయన ఆగాడు.

"పడవెక్కేముందు పిల్లల చేతిలో ఏం పెట్టుంటుందే?"

"చివరి గింజలన్నీ వండి, ఒక్కో అన్నంముద్ద" అన్నాను. "ఉప్పు కాస్త ఎక్కువే."

"నీకెలా తెలుసు?"

"మా అక్క అలాగే చేసేది. దాని పేరు కినూ."

ఆయన ఫోను చెవి దగ్గర్నుంచి దించేశాడు. ఫోనులో పత్రికాఫీసు మనిషి హలో హలో అని అరుస్తూనే ఉన్నాడు. చివరికి ఆయన, ఉప్పు కాస్త ఎక్కువే అని కూడా చెప్పి పెట్టేశాడు.

రైలుకి ఇంకా టైముంది. అవ్వ నన్ను మళ్ళీ రాయి దగ్గరికి తీసుకెళ్ళి గరిటె చేతికిచ్చింది. ఎవరికి పోస్తున్నానో నాకే తెలీలేదు. ఆ నాటి వంటావిడకో, ఈయన రాసిన కినూకో, మా అక్కకో. నీళ్ళు ఆ పేరు మీదుగా జారి నాచులో ఇంకిపోయాయి. ఏడుపు ఆగలేదు.

"ఏమన్నావే తల్లీ?" అంది అవ్వ, చెవి నా దగ్గరగా పెట్టి.

"ఏం లేదవ్వా," అన్నాను. "ఒంటి మంట చల్లారిందా అక్కా అని అడిగాను."