అర సెకను లోపం

ఆఫీసులో ఆమెకు చెక్‌పోస్టు అని పేరు పెట్టారు. ముఖం మీదే పిలిచేవాళ్ళు, ఆమె కూడా నవ్వేసి ఊరుకునేది. పేరు ఊరికే రాలేదు. మాట పడిపోయినవాళ్ళ కోసం ఆ కంపెనీ ఒక యాప్ తయారుచేసింది. మనిషి తెరమీద ఇంగ్లీషు అక్షరాలవైపు చూస్తే చాలు, కెమెరా ఆ చూపును పట్టుకుని మాట కూరుస్తుంది, యంత్రం దాన్ని పైకి చదువుతుంది. అందులో ఇంకా లేని సౌకర్యాలు బోలెడు. ఉన్న పదిమందే అన్నీ చేయాలంటే పదేళ్ళు పడుతుంది కనుక, కావలసినవన్నీ ఒక బోర్డులో పెట్టి, ఇది చేసినవాళ్ళకు ఇంత బౌంటీ, అంటే బహుమతి సొమ్ము, అని ప్రకటించేవాళ్ళు. ఎక్కడెక్కడి ప్రోగ్రామర్లో వాటిలో ఒకటి ఎంచుకుని ప్లగిన్ రాసి పంపేవాళ్ళు. ప్లగిన్ అంటే మరేం కాదు, కుట్టేసిన చొక్కాకి తర్వాత వేయించుకునే జేబు. ఆ జేబు నిలుస్తుందా, చిరుగుతుందా అని చూడడం ఆమె పని. ఆమె సరే అననిదే ఏ ప్లగినూ ఏ రోగి మంచం దగ్గరికీ వెళ్ళదు.

ఆ ఏడాది ఆమె స్వయంగా బోర్డులో పెట్టించిన బౌంటీ ఒక్కటే. మన భాషలో రాసుకోవడానికి చూపుల కీబోర్డు. అది ఆమె అన్నయ్య కోసం.

అన్నయ్య బస్సు కండక్టరు. ఇరవై రెండేళ్ళు బస్సు నిండా జనాన్ని నవ్విస్తూ తిరిగిన మనిషి. మెట్టు మీద అడ్డంగా నిలబడ్డవాణ్ణి పట్టుకుని, "బాబాయ్, గుమ్మానికి తలుపు ఇదివరకే ఉంది, మీరు లోపలికి రండి," అంటే ఆ బాబాయ్ కూడా నవ్వుకుంటూ లోపలికి జరిగేవాడు. అలాంటివాడికి నరాల జబ్బు వచ్చింది. మొదట చేతులు, తర్వాత కాళ్ళు, ఆపైన గొంతు పోయాయి. ఇక మిగిలినవి కళ్ళు. వదిన అక్షరాల అట్ట పట్టుకుని ఒక్కోదాని మీద వేలు జరుపుతుంటే, కావలసినచోట రెప్ప వేసేవాడు. అక్షరం అయ్యాక గుణింతం, గుణింతం అయ్యాక ఒత్తు. మంచినీళ్ళు అని పూర్తయ్యేసరికి దాహం చచ్చిపోతుంది. పావుగంట పట్టే జోకు జోకు కాదని ఆయనకు మనందరికన్నా బాగా తెలుసు. అందుకే అవసరాలు తప్ప మరేమీ చెప్పడం మానేశాడు.

ఒక ఆదివారం అట్ట మీద అరగంట కష్టపడి చెల్లెలికి చెప్పాడు: "నీతో పెద్ద మాట ఉంది. అట్టతో కాదు. నీ మిషన్ రానీ."

"ఏంటన్నయ్యా? కొంచెం చెప్పవూ?" అందామె.

ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. చెప్పనని అర్థం. నోట్లో నువ్వుగింజ నానని మనిషి ఒక మాట దాచుకోవడం అదే మొదటిసారి.

డాక్టరు మాత్రం కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు. "మామూలుగా చివరిదాకా మిగిలేవి కళ్ళే. కొందరికి అవి కూడా పోతాయమ్మా. ఎప్పుడని నేను చెప్పలేను. వినాల్సినవి ఏమైనా ఉంటే తొందరగా వినేయండి."

ఆ బౌంటీ తీసుకున్నతను బోర్డులో పెట్టుకున్న పేరు నిద్రమొహం. ఏ ఊరివాడో, వయసెంతో ఎవరికీ తెలియదు. పేరుకే నిద్రమొహం గాని, పని మొదలెడితే కునుకు తీసే రకం కాదు. మూడు వారాలకల్లా ప్లగిన్ పంపాడు. ఆమె ఆఫీసు యంత్రం ముందు కూర్చుని తన చూపులతోనే అన్నయ్య అని రాసి చూసింది. నాలుగు సెకన్లు పట్టింది. ఒక అక్షరం చూస్తే దాని గుణింతాలన్నీ చుట్టూ వచ్చి నిలబడుతున్నాయి. ఆమెకు కళ్ళు చెమర్చాయి. సరే అనే బటన్ మీద వేలు పెట్టింది.

అప్పుడే పక్క సీటతను తొంగిచూసి, "ఇంటి పని ఆఫీసు బౌంటీతో అయిపోతోందన్నమాట! అదృష్టం," అన్నాడు.

అతను సరదాకే అన్నాడు, అని టీ తాగడానికి వెళ్ళిపోయాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆమె వేలు వెనక్కి తీసుకుంది. రేపు ఎవరూ తనను వేలెత్తి చూపకూడదు. పరాయివాళ్ళ కోసమైతే ఎంత గట్టిగా చూస్తుందో దీన్ని అంతకు రెట్టింపు చూడాలి. పాపం, అది నిజాయితీ అనే అనుకుంది.

ఆ రోజే తిప్పి పంపింది, వివరాల పేజీ కంపెనీ పద్ధతిలో లేదని. నిద్రమొహం మర్నాటికల్లా తిరగరాశాడు. నాలుగో రోజు మళ్ళీ తిప్పి పంపింది, పరీక్షల ఫలితాలు జతచేయలేదని. జతచేశాడు. ఆరో రోజు ఇంకోసారి, అన్నిటికన్నా పాత మోడల్ యంత్రంలో అక్షరం వెలగడానికి అర సెకను ఆలస్యమవుతోందని. ఆ మోడల్ అమ్మడం మానేసి ఏళ్ళయింది. అన్నయ్య కోసం ఆమె తీసిపెట్టింది సరికొత్తది. కోడిగుడ్డుకు ఈకలు పీకడమంటే ఇదే. కానీ ఆ నియమం పుస్తకంలో ఉంది, రాసింది ఆమే.

"ఆ మోడల్ నా దగ్గర లేదండీ. ఎక్కడైనా పాతది దొరికితే కొని చూస్తాను," అని నిద్రమొహం జవాబు రాశాడు. "ఎవరైనా దీని కోసం ఎదురుచూస్తున్నారా?"

మా అన్నయ్య అని రెండు ముక్కలు రాస్తే సరిపోయేది. అది సిఫారసులా ఉంటుందని ఆమె రాయలేదు.

ఏడో రోజు వదిన అడిగింది. "అయిపోయిందన్నావుగా? ఎలా ఉంటే అలా తెచ్చి పెట్టు. తప్పులుంటే మేం సర్దుకుంటాం."

"అలా కుదరదు వదినా. పాస్ కానిది పేషెంటు మిషన్లో పెట్టకూడదు."

"పేషెంటేంటి? మీ అన్నయ్య."

"నాకు తెలీదా? ఇంకో నాలుగు రోజులు ఆగు."

"నువ్వొచ్చేటప్పుడల్లా నీ చేతులవైపే చూస్తున్నాడు. మీనమేషాలు లెక్కపెట్టకు తల్లీ."

ఏ యంత్రంలోనైనా ప్లగిన్ పెట్టే పాస్‌వర్డు ఆమె దగ్గరే ఉంది. ఐదు నిమిషాల పని. అయినా చేయలేదు.

తొమ్మిదో రోజు అన్నయ్యకు జ్వరం వచ్చింది. పదకొండో రోజు పొద్దున నిద్రమొహం ఎక్కడో పాత యంత్రం సంపాదించి, ఆ అర సెకనూ తగ్గించి పంపాడు. "వాడినవాళ్ళు మొట్టమొదట ఏం రాశారో వీలైతే చెప్పండి. బౌంటీ కన్నా నాకదే ఎక్కువ," అని కింద రాశాడు. ఆమె సరే అని నొక్కి, యంత్రం సంచిలో పెట్టుకుని, సెలవైనా పెట్టకుండా అన్నయ్య ఇంటికి పరుగెత్తింది.

జ్వరం తగ్గింది. అన్నయ్య కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆమె స్టాండు బిగించి తెరను ఆయన ముఖానికి ఎదురుగా పెట్టింది. చూపు ఎక్కడుందో చెప్పే చుక్క తెర మూలన ఆగింది. అక్కడే ఉండిపోయింది. ఆమె కెమెరా తుడిచింది, స్టాండు దగ్గరికి జరిపింది, కిటికీ తెర వేసింది, మళ్ళీ తీసింది. చుక్క కదలలేదు. మిషన్ చెడిందేమో అనుకుని వదినను కూర్చోబెట్టింది. వదిన చూపు ఎటు పోతే చుక్క అటు పరుగెత్తింది. ఏమండీ అని రాసింది వదిన. యంత్రం స్పష్టంగా, కొంచెం కూడా తడబడకుండా, ఏమండీ అని పిలిచింది. ఆ పనిలో వంక పెట్టడానికి ఏమీ లేదు.

వదిన లేచి గోడవైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది.

సాయంత్రం డాక్టరు వచ్చి కళ్ళలో లైటు వేసి చూశాడు. "తిప్పే శక్తి పోయింది. జ్వరం తొందరపెట్టింది. చెవులు మాత్రం బాగానే ఉన్నాయి, ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి. రెప్పలు ఆడవు కాబట్టి కళ్ళు ఎండిపోకుండా గంటకోసారి ఈ చుక్కల మందు వేయండి."

వదిన అన్నయ్య కళ్ళలో చెరో చుక్కా వేసి, డాక్టరును సాగనంపడానికి వెళ్ళింది. ఆమె మంచం అంచున కూర్చుని, రాయిలా బరువెక్కిన ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుంది.

"అన్నయ్యా," అంది. "ఇది పది రోజుల కిందటే అయిపోయింది. మొదటి రోజే బాగా పనిచేసింది. నేనే ఆపాను. ఎవరో ఏదో అనుకుంటారని ఆపాను. నీకంటే నాకు నా పేరు ఎక్కువైంది. నన్ను తిట్టు అన్నయ్యా. పోనీలే అనైనా అను. ఏదో ఒకటి..."

ఆయన కుడికంటి చివర నీళ్ళు నిలిచి, మెల్లగా చెంప మీదికి జారాయి. ఆమె వంగి వాటివంకే చూసింది. మందు వేసి రెండు నిమిషాలు కూడా కాలేదు.