ఓక్‌బున్ బుట్ట

"ఉప్పు చల్లావా?" అని వంటింటి గుమ్మంలోంచి అడిగింది అత్తగారు.

కొండ మీద ఈల మొదలైంది. సన్నగా, పొడుగ్గా ఒకటి. కాసేపాగి, ఇంకాస్త కింది స్వరంలో మరొకటి. మబ్బు పట్టిన పొద్దుల్లో ఎప్పుడూ ఇంతే. పందికి కుడితి పోసి, దెయ్యం గడప తొక్కకుండా పిడికెడు కల్లుప్పు వాకిలి బయటికి విసిరి వచ్చాను.

"ముందుది ఓక్‌బున్," అంది అత్త. "రెండోది దాన్ని లాక్కుపోయిన దెయ్యం. పిలిచినా పలక్కు. నువ్వూ పోతే మావాడికి మూడోదాన్ని ఎక్కణ్ణుంచి తేను?"

మా ఆయన గ్వాన్‌సిక్ నవ్వాడు. "దీన్ని దెయ్యం కూడా తీసుకుపోదులేవే అమ్మా. చారులో ఉప్పెక్కువేస్తుంది."

ఓక్‌బున్ ఆయన మొదటి భార్య. గొసారి అనే అడవి ఆకుకూర కోయడానికి కొండకు వెళ్లి తిరిగి రాలేదు. కనుమ దగ్గర బుట్ట ఒక్కటే దొరికింది. బుట్ట నిండా కూర, వాడిపోకుండా పైన వెడల్పాటి ఆకులు కప్పి ఉన్నాయట. ఈల పిలిచింది, వెళ్లిపోయింది అన్నారు. ఊరికి ఆ మాట చాలింది. ఎందుకు వెళ్లిందని ఎవరూ అడగక్కర్లేకపోయింది. ఆమె కొడవలి నాకొచ్చింది, ఆమె పొయ్యి నాకొచ్చింది. ఏటా ఆమె పేరున పెట్టే తద్దినం పళ్లేలకు వండేదీ నేనే, మగవాళ్లు మొక్కుతుంటే వంటింట్లో నిలబడేదీ నేనే. కూర తగ్గితే "ఓక్‌బున్ రెండు బుట్టలు తెచ్చేది" అంటుంది అత్త. ఆమె ఉన్నప్పుడు ఆమెను ఏమనేదో మాత్రం ఎవరూ చెప్పరు.

ఆ రోజు ఆ పళ్లేల కోసమే కొండెక్కాను. పిడికిలి మూసినట్టున్న మొలకలు తుంచుతూ కనుమ దాకా వచ్చేశాను. పొగమంచులో ఈల దగ్గరైంది. అయినా వెనక్కి రాలేదు. నా కంటే ముందు ఆ ఇంటి చాకిరీ చేసిన మనిషిని ఒక్కసారి చూడాలనిపించింది.

రాలిన ఆకుల్లో ఏదో కదిలింది. పావురం కంటే కాస్త చిన్న పిట్ట. పసుపు గోధుమ ఒంటి మీద పొలుసుల్లాంటి నల్లటి మచ్చలు. ఆకులు తిరగేసి వానపాముల్ని లాగుతోంది, నిలబడితే ఆకుల్లో కలిసిపోతోంది. కొమ్మ మీదికి ఎగిరినప్పుడు రెక్కల అడుగున నలుపు తెలుపు పట్టీలు కనిపించాయి. చిన్నప్పుడు మా నాన్న అలాంటి రెక్కే చూపించి చెప్పాడు: "వసంతానికొచ్చి ఆకు రాలాక పోయే పిట్టమ్మా ఇది. మబ్బు పొద్దున ఈలేసేది ఇదే." మా అత్తవారింట్లో పడ్డాక ఆ మాట నేనే నమ్మడం మానేశాను.

పిట్ట ముక్కు సరిగ్గా తెరవనైనా లేదు. గొంతు ఉబ్బింది. పై స్వరం. ఆగింది. కింది స్వరం. రెండూ ఒక్క గొంతులోవే.

అయితే ఓక్‌బున్‌ను ఎవరూ పిలవలేదు. దెయ్యం వెంట పరుగెత్తే మనిషి కూర మీద ఆకులు కప్పుతుందా? వాళ్ల కూర వాడిపోకుండా చూసి, అప్పుడు తనంతట తనే కనుమ దాటింది.

కనుమ దాటే ముందు బుట్ట అక్కడే దించాను. మబ్బు విడిచి ఎండ వస్తోంది. నేను ఆకులు కప్పలేదు.