శనివారం వదిలేసిన ఇనుము

రాజలింగు చెవి గురించి వరంగల్ స్టేషన్ ముందరి టాక్సీ స్టాండులో గొప్పగా చెప్పుకునేవారు. బండి మలుపు తిరిగి ఇంకా కంటికి కనపడకముందే, వచ్చేది ఎవరి బండో, దానికి ఏం రోగమో చెప్పేస్తాడని. అందులో పెద్ద వింతేమీ లేదు. అతను పుట్టింది పద్మశాలీల ఇంట్లో. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ మగ్గం చప్పుడులోనే పెరిగాడు. నూలు మోసే నాడె ఒక్కసారి తడబడితే చాలు, వాళ్ళ నాయన పక్క గదిలోంచే కేకేసేవాడు. మగ్గం వదిలి లారీలెక్కినా, లారీలు వదిలి టాక్సీ పట్టినా, ఆ చెవి మాత్రం అతన్ని వదల్లేదు.

పన్నెండేళ్ళు పరాయి బండ్లు తోలి, పంతొమ్మిది వందల ఎనభై అయిదులో సొంత కారు కొన్నాడు. కొన్నది ఒక్కడే కాదు. స్టాండులో అతనికి తమ్ముడిలాంటి యాకయ్య కూడా అదే కంపెనీ కారు, అదే రంగుది, అదే రోజు కొన్నాడు. ఇద్దరూ హైదరాబాదు నుంచి ఒకరి వెనక ఒకరు తోలుకొచ్చారు. స్టేషన్ ఘన్‌పూర్‌లో చాయ్ కోసం ఆగినప్పుడు, చాయ్ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా రెండు కార్లనూ మార్చి మార్చి చూసుకుంటూ నిలబడ్డారు. మగవాళ్ళకు పెళ్ళినాడు కూడా అంత సిగ్గూ అంత సంతోషమూ ఉండవు.

ఏడాది తిరక్కముందే కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. టెలిగ్రాం వస్తే చావు కబురనీ, ఇంగ్లీషు ఉత్తరం వస్తే కోర్టు నోటీసనీ భయపడే రోజులు. రాజలింగు భార్య మొగిలమ్మ దాన్ని దేవుడి గూట్లో పెట్టి, చదివేవాళ్ళు దొరికేదాకా ముట్టనివ్వలేదు. తీరా పోస్టాఫీసు గుమాస్తా చదివి చెబితే సంగతి ఇదీ. ఆ ఏడాది చేసిన కార్లలో స్టీరింగు కింద ఉండే టై రాడ్, అంటే ముందు చక్రాలను తిప్పే ఇనుప కడ్డీ, కార్ఖానాలోనే తప్పుగా పోత పోశారట. విరిగే ప్రమాదముందట. హనుమకొండలోని తమ షెడ్డుకు తెస్తే ఊరికే కొత్తది వేస్తారట.

"సూసినవా యాకయ్యా, కంపెనీ అంటే గిట్లుండాలె. తప్పయిందని వాడే చెప్తాండు" అని రాజలింగు మురిసిపోయాడు.

ఆ మురిపెం వారం కూడా నిలవలేదు. షెడ్డు వాళ్ళు కొత్త కడ్డీ వెయ్యలేదు. పాతదానికే ఒక ఇనుప పట్టీ వెల్డింగు పెట్టి, కార్డు మీద ముద్ర గుద్ది పంపారు. బండి గోపాల్‌పూర్ దాటిందో లేదో, రాజలింగు చెవికి ముందు చక్రం దగ్గర టక్‌మని వినపడింది. గుంతలో పడ్డప్పుడల్లా టక్. మలుపు తిప్పినప్పుడల్లా టక్.

మళ్ళీ వెళ్ళాడు. "మార్చేశాం పొమ్మ"న్నారు. కింద దూరి చూస్తే కడ్డీ నల్లగా నిగనిగలాడుతోంది. ఇంటికొచ్చి గోటితో గీకితే రంగు లేచి పాత వెల్డింగు బయటపడింది. అతనికి ఒళ్ళు మండిపోయింది. మూడోసారి పోయే ముందు ఆకురాయి తీసుకుని ఆ కడ్డీ మీద పక్కపక్కనే మూడు గాట్లు పెట్టాడు. సాయంత్రం బండి వాపసు తీసుకునేటప్పుడు షెడ్డులోనే నేల మీద పడుకుని కిందికి దూరాడు. కొత్త రంగు కింద మూడు గాట్లూ వేలికి తగిలాయి.

ఆ రోజు అతను పెట్టిన లొల్లికి రోడ్డున పోయే రిక్షాలు ఆగాయి. "సారూ, నా బండ్ల పోయేది కోళ్ళ గంపలు గాదు, మనుషులు! దవాఖానకు పోయే పిల్లతల్లులు ఎక్కుతరు. కడ్డీ ఇరిగితే పానం నువ్వు ఇస్తవా, నీ కంపెనీ ఇస్తదా?" అని మేనేజరు బల్ల మీద చరిచాడు. మేనేజరు చెడ్డవాడేం కాదు. కొత్త సామాను పైనుంచి రాకపోతే, వచ్చినవాళ్ళను ఎలాగో ఒకలా సముదాయించి పంపడం అతని ఉద్యోగం. వచ్చిన వెంటనే ముందు మీకే వేస్తానని చేతులు జోడించాడు.

యాకయ్య బండి కూడా టక్‌మంటూనే ఉంది. అతను ఒక్కసారి షెడ్డుకు పోయి, వెల్డింగు పెట్టించుకుని, దండం పెట్టి వచ్చాడు. రాజలింగు స్టాండులో అందరి ముందూ వెక్కిరించేవాడు. "అడగంది అమ్మైనా పెట్టదురా. పొయ్యి కొట్లాడు."

"నాతోని గాదన్నా. నోరు మంచిదైతే ఊరు మంచిదంటరు. నువ్వున్నవ్ గదా, నీకొస్తే నాకు రాదా?" అని నవ్వేవాడు యాకయ్య. వక్కపలుకు కొరకడానికి కూడా పక్కవాడి వంక చూసే మనిషి. మనసులో ఉన్నది అది ఒక్కటే. లింగన్న ముందు నడుస్తాడు, వెనక తాను నడుస్తాడు.

ఆరు నెలలకు షెడ్డు నుంచి కబురొచ్చింది. రాజలింగు పోయాడు. ఈసారి మేనేజరు తనే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి అట్టపెట్టె విప్పి చూపించాడు. నూనె కాగితంలో చుట్టిన కొత్త కడ్డీ. రాజలింగు దాన్ని పసిపిల్లను తీసుకున్నట్టు రెండు చేతులతో తీసుకున్నాడు.

"మొత్తం జిల్లాకు ఒక్కటే వచ్చింది. మీరు మూడుసార్లు తిరిగారు కాబట్టి మీకిస్తున్నాను. స్టాండులో మాత్రం చెప్పకండి. అందరూ వచ్చి నా మీద పడతారు" అన్నాడు మేనేజరు.

"నాకెందుకు సారూ, నేను చెప్ప" అన్నాడు రాజలింగు. మాటిచ్చేటప్పుడు యాకయ్య ముఖం గుర్తు రాలేదా అంటే, వచ్చింది. వచ్చీ పోయింది.

కళ్ళ ముందే కడ్డీ మార్పించుకున్నాడు. తీసిన పాత కడ్డీని కుర్ర మెకానిక్కు గుడ్డపీలికతో తుడిచి అతని చేతికివ్వబోయాడు. మార్చిన సామాను యజమానిదే. డ్రైవర్లెవరూ దాన్ని షెడ్డులో వదలరు. ఇనప సామాన్లవాడికి అమ్ముకోవడానికో, మళ్ళీ ఎవరికీ అంటగట్టకుండానో, డిక్కీలో వేసుకుని ఇంటికి తెచ్చుకుంటారు. రాజలింగు కూడా చెయ్యి చాచాడు. చాచి, గోడ మీది క్యాలెండరు చూసి వెనక్కి తీసుకున్నాడు.

శనివారం. శనివారంనాడు ఇనుము గడప దాటించకూడదు. శని వెంట వస్తుంది. వాళ్ళ అమ్మ బతికున్నన్నాళ్ళూ ఆ రోజు సూదిని కూడా ఇంట్లోకి రానివ్వలేదు. పైగా ఇది మామూలు ఇనుమా? నెలల తరబడి గుండెను గుప్పిట్లో పెట్టుకుని తిప్పిన ఇనుము.

"ఆ దరిద్రం నాకొద్దు పిలగా. ఆడనే మూలకు పడెయ్" అన్నాడు. కొత్త కడ్డీ వేసిన బండెక్కి, చక్రం కింద నిమ్మకాయ తొక్కించి, హాయిగా ఇంటికొచ్చాడు. ఆ పూట మొగిలమ్మ పాయసం వండింది.

స్టాండులో యాకయ్యే ముందుగా గుర్తు పట్టాడు. "ఏందన్నా, నీ బండి సప్పుడే లేదు?"

రాజలింగు ఒక్క క్షణం తటపటాయించాడు. మేనేజరుకు ఇచ్చిన మాట ఒకవైపు. ఒక్కటే వస్తే నువ్వే తీసుకున్నావా అని యాకయ్య అనడు కానీ, అనుకుంటాడేమోనన్న సిగ్గు ఇంకోవైపు. "మంచిగైంది తీ. నువ్వు గూడ పోరాదు. పోతే చేస్తరు" అనేశాడు. ఉన్నది చెప్పలేదు, లేనిదీ చెప్పలేదు. మధ్యలో ఎక్కడో ఒక మాట పడేసి తప్పుకున్నాడు.

యాకయ్య సోమవారమే పోయాడు. సాయంత్రానికి పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ వచ్చాడు. "నాకు గూడ కొత్తది ఏసిండ్రన్నా! నీ పేరు చెప్పిన. వెంటనే ఏసిండ్రు."

జిల్లాకు ఒక్కటే వచ్చిందన్నాడు కదా, ఇది ఎక్కడిది అని రాజలింగుకు అనుమానం కలిగింది. వంగి చూస్తే అయిపోయేది. పక్కన నర్సంపేట బేరం వాళ్ళు తొందర పెడుతున్నారు. ఇంకోటి వచ్చిందేమో, మనకెందుకు అనుకున్నాడు. మూడు రోజుల తర్వాత యాకయ్య బండి మలుపు తిరుగుతుంటే టక్‌మంది. మలుపు అవతలి బండి రోగం చెప్పే చెవికి అది వినపడలేదా? శుభ్రంగా వినపడింది. బేరింగు అయి ఉంటుంది, రేపు చెబుదాంలే అనుకున్నాడు. రేపు అన్న మాటంత సుఖమైనది లోకంలో ఇంకోటి లేదు.

మరుసటి గురువారం మధ్యాహ్నం నర్సంపేట రోడ్డు మీద, ఒక కుటుంబాన్ని దింపి ఒంటరిగా వాపసొస్తున్న యాకయ్య బండి కల్వర్టు గోడకు గుద్దుకుంది. ఎండ కాస్తోంది, రోడ్డు ఖాళీగా ఉంది, ఎదురుగా సైకిలు కూడా లేదు. ఎంజీఎం దవాఖానకు తెచ్చేలోపే ప్రాణం పోయింది. డ్రైవరు నిద్రపోయి ఉంటాడని పోలీసులు రాసుకున్నారు.

రాజలింగు ముందు దవాఖానకు పోయాడు. యాకయ్య ముఖానికి చిన్న గీత కూడా పడలేదు. దాన్ని చూసి నిలబడలేక బయటికొచ్చాడు. అక్కణ్ణుంచి ఎందుకు పోతున్నాడో తనకే తెలియకుండా కల్వర్టు దగ్గరికి పోయాడు. బండి ఒక పక్కకు ఒరిగి ఉంది. ముందు చక్రాలు ఒకటి తూర్పుకు, ఒకటి పడమరకు చూస్తున్నాయి. కిందికి దూరాల్సిన పని కూడా లేకపోయింది. విరిగిన కడ్డీ బయటికి వేలాడుతోంది. నల్ల రంగు నిగనిగలాడుతోంది. చూపుడు వేలితో నెమ్మదిగా తడిమాడు. ఒకటి. రెండు. మూడు.

ఆ గాట్లు పెట్టింది తనే. ఆ వేలికి అవి కొత్త కాదు.

షెడ్డుకు పోయి మేనేజరు గల్లా పట్టుకున్నాడు. మేనేజరు విడిపించుకోవడానికి కూడా ప్రయత్నించలేదు. ముఖం పాలిపోయి ఉంది. "అతను నవ్వుతూ వచ్చి నిలబడ్డాడండీ. లింగన్నకు వేశారట, నాకూ వెయ్యండి అన్నాడు. లేదనలేకపోయాను. అతని కడ్డీ అరిగిపోయి ఉంది, మీరు వదిలేసి పోయినది దానికంటే కొంచెం నయంగా కనపడింది. మీరు తీసుకుపోయి ఉంటే..." అన్నాడు.

రాజలింగు చెయ్యి దానంతటదే జారిపోయింది. ఆ తర్వాత పోలీస్ స్టేషనుకు పోయి, కడ్డీ సంగతీ, గాట్ల సంగతీ, షెడ్డు సంగతీ ఉన్నదున్నట్టు చెప్పాడు. ఎస్సై రాసుకున్నాడు. కంపెనీ వాళ్ళు హైదరాబాదు నుంచి ఒక పెద్దమనిషిని పంపి, షెడ్డు కార్డు మీద యాకయ్య పెట్టిన సంతకం చూపించారు. రిపేరు తృప్తిగా ఉంది అని ఇంగ్లీషులో ఉన్నదాని కింద తెలుగులో వంకరటింకరగా, యాకయ్య. కాగితం ఎటుంటే న్యాయం అటే ఉంది.

దినాలు అయిపోయిన మర్నాడు పొద్దున రాజలింగు యాకయ్య ఇంటికి పోయాడు. యాకయ్య భార్య సమ్మమ్మ వాకిట్లో చాట పట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. అతన్ని చూసి కొంగు సవరించుకుని, పీట జరిపింది. అతను కూచోలేదు. నిలబడే మొత్తం చెప్పాడు. ఒక్కటే వచ్చిందన్నదీ, అది తను పెట్టించుకున్నదీ, పాతది అక్కడే పారేసి వచ్చినదీ, అదే యాకయ్య బండికి ఎక్కినదీ.

"శనివారమాయె చెల్లె. ఇనుము ఇంటికి తేవద్దని ఆడనే ఇడిశిపెట్టిన. నాకేం ఎరుక, నా శని వాని నెత్తిన పడతదని? డిక్కీల ఏసుకొని వస్తే యాకయ్య బతికేటోడు." అంటూనే ఏడ్చేశాడు. నలభై అయిదేళ్ళ మనిషి, గోడకు తల ఆనించుకుని, వెక్కి వెక్కి ఏడ్చాడు.

సమ్మమ్మ ఏడవలేదు. ఆమె దగ్గర ఇంక మిగల్లేదేమో. చాటలో వేళ్ళు కదులుతూనే ఉన్నాయి. ఒక రాయి ఏరి పారేసి తలెత్తింది.

"శనివారం ఇనుము తేవద్దన్నది నిజమేనన్నా. మా అత్త గూడ తేనియ్యకపోయేది" అంది మెల్లగా. "ఇనుము తేవద్దు, సరే. మాట గూడ తేవద్దంటరా?"

రాజలింగు ఏడుపు ఆగిపోయింది.

"ఒక్కటే అచ్చిందటరా యాకయ్య, ఇంకోటి అచ్చేదాంక నువ్వు బండి తియ్యకు అని ఒక్క మాట అంటే, ఆయిన ఆగేటోడు గాదా? నువ్వు చెప్పినంక ఏనాడన్న కాదన్నడా?"

ఆమె గొంతులో కోపం లేదు. నిజంగానే అడుగుతోంది, జవాబు కావాలని. చాట పక్కన పెట్టి అతని ముఖంలోకి చూస్తూ కూచుంది.

యాకయ్య ఏనాడూ కాదనలేదు. ఆ సంగతి రాజలింగుకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పొమ్మని తను అంటేనే కదా సోమవారం పొద్దున్నే లేచి షెడ్డుకు పోయాడు.